సమాధికి వెల్ల వేసిన రోజు

“ఫెలిసీ, అమ్మ కనపడటం లేదు!”

వెర్నెల్ వదిన వంటింట్లో అలమర తలుపులన్నీ బార్లా తెరిచి మధ్యలో నిలబడి ఉంది. తల దువ్వుకోలేదు, కాళ్ళకి చెప్పుల్లేవు. యాభై ఏళ్ళ మనిషి, తిరనాళ్ళలో తప్పిపోయిన పిల్లలా మొహం పెట్టుకుని నా వంక చూస్తోంది.

అమ్మంటే వాళ్ళమ్మ లియోంటీన్. మా అత్తగారు యూలాలీకి సొంత చెల్లెలు. వేసవిలో కాలిఫోర్నియాలో పోయింది, అక్కడే దహనం చేశారు. ఆ బూడిదని పసుపు రంగు చెరకు పాకం డబ్బాలో పోసుకుని, తల్లి ఆఖరి కోరిక తీర్చడానికి వెర్నెల్ వదిన సోమవారం నాడు మా ఊరు సెంట్ ఆరెల్‌లో బస్సు దిగింది. ఆ డబ్బా మా గడప దాటిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో ఒక్కరికీ తిన్నది ఒంటబట్టలేదు.

“ఎక్కడ పెట్టావు వదినా?”

“ఇదిగో, ఇక్కడే. కాఫీపొడి పక్కన. రాత్రి పడుకోబోయే ముందు కూడా, పడుకుంటున్నానే అమ్మా అని చెప్పి మరీ వెళ్ళాను.”

కాఫీపొడి ఉంది. దాని పక్కన డబ్బా ఆనిన గుండ్రటి మచ్చ ఉంది. డబ్బా లేదు.

నేను అత్తమ్మ గదిలోకి తొంగి చూశాను. పక్క సర్దేసి ఉంది. మేకుకి తగిలించే గడ్డి టోపీ లేదు. మంచం కింద రబ్బరు బూట్లు లేవు.  వెనక్కి తిరిగేసరికి వదిన గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆవిడా చూసింది.

“మీ అత్తగారే తీసింది.”

“అనకు వదినా. చూడకుండా అనకు.”

“నిన్న ఏమందో నువ్వు వినలేదూ?”

వినకపోవడమేమిటి, మా వీధి వీధంతా విన్నది.

నిన్న సాయంత్రం అన్నాల దగ్గర అత్తమ్మ పళ్ళెం పక్కకి నెట్టేసి లేచి నిలబడింది. ఎనభై నిండిన మనిషి. కళ్ళలో శుక్లాలు ముదిరి, ఎదురుగా ఉన్నది నేనో మా ఆయనో కూడా గొంతు వింటే గానీ తెలియదు. నోరు మాత్రం ఇప్పటికీ మిల్లు కూతతో పోటీ పడుతుంది.

“ఈ ఊళ్ళో చెరకు కాలుస్తాం. మనుషుల్ని కాల్చం! నా చెల్లెల్ని చెత్త తగలబెట్టినట్టు తగలబెట్టి, డబ్బాకెత్తుకొచ్చి, మా అమ్మ పక్కన పెట్టమంటావా? నా కంఠంలో ప్రాణముండగా జరగదు.”

“అమ్మే అలా చెయ్యమంది పెద్దమ్మా. తనని శవపెట్టెలో పంపిస్తే మీరు ఊరి పొలిమేర నుంచే వెనక్కి పంపేస్తారని భయపడింది. డబ్బా అయితే ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళొచ్చంది. ఆ డబ్బా ఏదనుకున్నావ్? ఈ ఊరు వదిలి వెళ్ళినప్పుడు తీసుకెళ్ళిన డబ్బానే. ఇన్నేళ్ళూ గుండీలు, సూదులు దాచుకుంది అందులో.”

“అది చిన్నప్పట్నుంచీ అంతే. అడక్కూడనివే అడిగేది, ఇచ్చేదాకా ఏడ్చేది.”

“పోయినావిడ మీద కూడా కోపమేనా? యాభై ఏళ్ళు చాల్లేదా నీకు?”

 దాంతో అత్తమ్మ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మా ఆయన అల్సీద్, తల్లి తలుపు దగ్గర కాసేపు, అక్క తలుపు దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఎవరినీ పిలిచే ధైర్యం లేక చివరికి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కడిగాడు. దిక్కు తోచకపోతే గిన్నెలు కడగడం ఆయనకి అలవాటు. పెళ్ళయిన కొత్తలో మంచి మొగుడు దొరికాడని మురిసిపోయేదాన్ని.

ఇద్దరం వీధిలోకి పరుగెత్తాం. గానుగాట కాలం కదా, తోటలు కాల్చిన మసి ఊరంతా రాలుతోంది. ఎదురింటి హోర్టెన్స్ ఆరేసిన దుప్పటి మీద మసి దులుపుతూ మిల్లు వాళ్ళ ఏడు తరాల్నీ తిడుతోంది.

“హోర్టెన్స్, మా అత్తమ్మని చూశావా?”

“చూడకేం? తెల్లారుతూనే బకెట్టు పట్టుకుని ఏటి బాట పట్టింది. పలకరిస్తే పలకలేదు. గంపలో పసుపు డబ్బా కూడా ఉంది. మళ్ళీ ఏం గొడవ మీ ఇంట్లో?”

“ఏం లేదు, నువ్వు దుప్పటి చూసుకో.”

వదిన బండి తలుపు తీసింది. నేను లోపలికెళ్ళి చెప్పులు తెచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టాను. ఆవిడ వేసుకోలేదు. చేత్తో పట్టుకుని బండెక్కింది.

ఈ నాలుగు రోజులూ ఊరు చూపించమని వదిన నన్ను నిలవనివ్వలేదు. వాళ్ళమ్మ చెప్పిన ఊరు ఒకటి, ఇక్కడున్నది ఒకటి. లైను ఇళ్ళేవీ అంది. కంపెనీ పనివాళ్ళుండే ఆ ఇళ్ళు పడగొట్టి నేను కాపురానికి రాకముందే చెరకు వేసేశారు. అమ్మ చదివిన బడేదీ అంది. అదీ చెరకే. శనివారం శనివారం అమ్మ నాట్యం చేసిన హాలేదీ అంది. “అది మాత్రం చెరకు కాదు వదినా, ఈ ఏడు సోయా వేశారు,” అన్నాను. ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఈ పూట బండిలో నవ్వు లేదు. చెరకు అటూ ఇటూ గోడల్లా నిలబడి ఉంది. ఆవిడ కిటికీలోంచి కాక ఒళ్ళో ఉన్న చెప్పుల వంక చూస్తోంది.

రేవు దగ్గర బండి ఆపాను. అత్తమ్మ లేదు. ఏటి నీళ్ళు గోధుమ రంగులో, కదిలీ కదలనట్టు ఉన్నాయి. వదిన దిగి చెక్క మెట్ల మీద చివరిదాకా వెళ్ళి కూర్చుంది.

“ఇక్కడ కలిపేసిందంటావా ఫెలిసీ?”

“మా అత్తమ్మ నోటిదురుసుదే గానీ అంత రాతిగుండె కాదు.”

“కాకపోతే సమ్మె నాడు అలా ఎందుకు చేసింది?”

ఇది అడగకుండా ఉంటే బాగుండుననుకుంటూనే ఉన్నాను ఇన్ని రోజులూ.

“మీ అమ్మ నీకేమని చెప్పింది?”

“గానుగాట మొదలయ్యే వేళకి ఊరు ఊరంతా కత్తులు కింద పెట్టేశారని చెప్పింది. కూలి పెంచేదాకా ఒక్క గడ కూడా నరికేది లేదన్నారట. మా నాన్న అందరికీ ముందు నిలబడ్డాడట. మూడో వారంలో పెద్దమ్మ కత్తి పట్టుకుని పొలంలోకి వెళ్ళిపోయిందట. ఆవిణ్ణి చూసి ఇంకొకరు, వాళ్ళని చూసి మరొకరు. సమ్మె విరిగిపోయింది. కంపెనీ వాళ్ళు మా వాళ్ళ సామానంతా తీసి బయట పారేశారు. అమ్మకి అప్పుడు నేను కడుపులో ఉన్నాను.”

“అంతా నిజమే.”

“మరి?”

“మీ అమ్మమ్మ అప్పటికి నెత్తురు దగ్గుతోంది వదినా. లైనులో ఇల్లు పోతే ఆవిణ్ణి ఎక్కడ పడుకోబెట్టాలి? ఆ సంగతి మీ అమ్మ చెప్పలేదా?”

వదిన కళ్ళెత్తి నా వంక చూసింది. చెప్పలేదని తెలుస్తూనే ఉంది.

“చెప్పలేదు,” అంది. “పెద్దమ్మ గురించి ఏది అడిగినా, దాని చేతి అన్నం ముద్ద నీకు తెలీదే, తెలిస్తే ఏడుస్తావు అనేది. తిట్టేది, మళ్ళీ అదే మాట అనేది.”

 వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ చేతిలోంచి చెప్పులు తీసుకుని ఒక్కొక్కటీ కాళ్ళకి తొడిగాను. చంటిపిల్లలా తొడిగించుకుంది.

“ఒక్క పనే అప్పజెప్పింది ఫెలిసీ. మా అమ్మ పక్కన పెట్టిరా అంది. అంతే. అది కూడా చెయ్యలేకపోయాను.”

అప్పుడు వినిపించింది ట్రాక్టరు చప్పుడు. మా ఆయన చెరకు బండ్లు తగిలించుకుని మిల్లుకి వెళ్తూ మమ్మల్ని చూసి ఆపాడు. మొహం, మెడ అంతా మసి.

“మీరిద్దరూ ఇక్కడేం చేస్తున్నారు? పొద్దున్నే చేపలా?”

“మీ అమ్మ డబ్బా పట్టుకుని ఏటికొచ్చిందట,” అన్నాను. “లియోంటీన్ పిన్ని డబ్బా.”

“ఆ డబ్బానా? అది ఇంట్లోనే ఉందిగా.”

వదిన ఎగిరి లేచింది. “ఎక్కడ? ఎక్కడుంది తమ్ముడూ?”

“నిన్న గిన్నెలు కడిగాక నేనే తీసి దాచానక్కా. పొద్దున్న లేవగానే అమ్మ కళ్ళబడితే మళ్ళీ రగడ అవుతుందని. వెనక వసారాలో, పై అరలో పెట్టా. ఎవరూ ముట్టుకోరక్కడ.”

“వసారాలో ఎక్కడ?” అంటూ నేనూ లేచాను.

“సున్నం డబ్బాల వరసలో. కొట్టువాడు సున్నం పోసిచ్చేవీ పసుపు పాకం డబ్బాలేగా, ఇదీ అదే కదా, కలిసిపోతుంది, కనపడదని...”

ఆయన మాట అక్కడే ఆగిపోయింది. రేపు సమాధుల పండగ. ఇవాళ మా ఊళ్ళో ప్రతి ఇంటివాళ్ళూ తమ వాళ్ళ సమాధులకి సున్నం కొడతారు. తల్లి సమాధికైతే పెద్దకూతురే వెల్ల వెయ్యాలి, ఇంకొకరు కుంచె ముట్టుకోకూడదు. ఊళ్ళో పుట్టి పెరిగినవాడికి ఆ మాట ఒకరు చెప్పక్కర్లేదు.

“బుద్ధి గడ్డి తిన్నదా నీకు?” అన్నాను. “దాచడానికి ఇంట్లో ఇంకో చోటే దొరకలేదా? మంచం కింద పెట్టొచ్చుగా! బీరువాలో పెట్టొచ్చుగా! నా నెత్తిమీద పెట్టొచ్చుగా!”

“మంచిదే చేద్దామనుకున్నానే...”

“నువ్వు మంచి చేద్దామనుకున్నప్పుడల్లా ఇంతే!”

“పదండి,” అంది వదిన. అప్పటికే బండిలో ఉంది.

ట్రాక్టరు రోడ్డుకి అడ్డంగానే వదిలేసి మా ఆయన కూడా ఎక్కాడు. వెనకొచ్చే చెరకు బండ్లవాళ్ళు హారన్లు కొడుతూ తిడుతూనే ఉన్నారు. మేం వినిపించుకోలేదు.

మా వాళ్ళ సమాధులు అదే ఏటి బాటలో, ఇంకాస్త ముందుకెళ్తే చెరకు మధ్యలో ఉంటాయి. బానిసకాలం వాళ్ళ నుంచి మొన్న మొన్నటి వాళ్ళ దాకా అందరూ అక్కడే. చుట్టూ నాలుగు చెరకు వరసల్ని కోత మిషను ముట్టుకోదు, చేత్తో నరకాల్సిందే. మొన్ననే మా ఆయన ఆ వరసలు నరికి బాట చేశాడు. ఆ బాట మొదట్లో బండి దిగేసరికే అత్తమ్మ గొంతు వినిపించింది. ఎవరితోనో మాట్లాడుతోంది.

“...అదేనమ్మా, నీ రెండోదే. వచ్చింది. డబ్బాలో వచ్చింది, ఏం చెప్పమంటావు? దాని పని ఏదీ ఒక పద్ధతిగా ఉండదని నీకు తెలీదా? కూతురు మాత్రం బంగారుబొమ్మ. కోపం వస్తే అచ్చం నీలాగే ముక్కుపుటాలెగరేస్తోంది. నిన్న ఎగరేసింది నా మీద.”

మేం ముగ్గురం అక్కడే ఆగిపోయాం.

అత్తమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఎదురుగా వాళ్ళమ్మ సమాధి, నడుమెత్తు ఇటుకల కట్టడం. పైన, తలవైపు, కాళ్ళవైపు, కుడిపక్క అప్పటికే తెల్లగా అయిపోయాయి. ఎడమ పక్కే మిగిలింది. బకెట్టు పక్కన రెండు పసుపు డబ్బాలు మూతలు తీసి పడి ఉన్నాయి. ఒకటి నిగనిగలాడుతోంది. రెండో దాని అంచు తుప్పు పట్టి, బొమ్మ అరిగిపోయి ఉంది. రెండూ ఖాళీయే.

మా ఆయన టోపీ తీసేశాడు. వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఎవరది?” అంది అత్తమ్మ తల తిప్పి.

“మేమే అత్తమ్మా. నేనూ, అల్సీద్, వదినా.”

“మిల్లుకి పోకుండా నీకేం పనిరా ఇక్కడ? సరేలే, ఆ కొట్టువాడికి చెప్పు. ఈ ఏడు సున్నంలో ఏదో కలిపాడు, దొంగముండావాడు. ఒక డబ్బా బాగానే ఉంది. ఇంకోటి గరుగ్గా, ఇసకలా ఉంది. గంజి రెండింతలు పోసి కలిపితే గానీ దారికి రాలేదు. కానీ పట్టింది చూడు, ఒక్క పూతకే ఎంత గట్టిగా పట్టిందో! ఎప్పుడూ ఇంత గట్టిగా పట్టలేదు.”

నేను నోరు తెరవబోయాను. వదిన నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. నడుచుకుంటూ వెళ్ళి సమాధి పక్కన చతికిలబడి, తడి గోడకి చెంప ఆనించి ఏడ్చేసింది. గట్టిగా, మొహమాటం లేకుండా, కన్నతల్లిని పట్టుకుని ఏడ్చినట్టు.

“అయ్యో అయ్యో, తడి! మొహమంతా సున్నమవుతుంది, కళ్ళు మండుతాయి,” అని అత్తమ్మ తడుముకుంటూ ఆవిడ తల దొరకపుచ్చుకుంది. “ఏడవకే. నిన్నటి మాటలకేనా? నేను ముసల్దాన్ని, నా నోటికి అడ్డూ ఆపూ లేదు.”

“దానికి కాదు పెద్దమ్మా...”

“నన్ను చెప్పనీ. అమ్మ దగ్గర చెప్పాను, నీ దగ్గర కూడా చెప్పాలి. ఆ ఏడు నేను కత్తి పట్టినందుకు మీ అమ్మ నన్ను తిట్టింది. తిట్టనీ, దాని మొగుడు రోడ్డున పడ్డాడు. కానీ మరుసటి ఏడు అమ్మ పోయినప్పుడు నేను కబురు చెయ్యలేదు. మీరెక్కడున్నారో నాకు తెలుసు. తెలిసి కూడా చెయ్యలేదు. అందర్నీ వదిలి పోయిందిగా, తెలియకుండానే ఉండనీ అనుకున్నాను. తల్లి చచ్చిపోయిందని దానికి ఎవరో దారినపోయేవాళ్ళు చెప్పుంటారు. అది నా మీద కోపంతో రాలేదని ఈ ఊళ్ళో అందరికీ చెప్పుకుని తిరిగాను. నిన్న నువ్వు యాభై ఏళ్ళు చాల్లేదా అన్నావు చూడు, కోపం ఉన్నది నాకు కాదే, దానికుండాలి. దాన్ని ఇక్కడ పెడితే రోజూ వచ్చి దాని మొహం ఎట్లా చూడాలా అని నా భయం.”

అత్తమ్మ ఏడవడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. మామగారు పోయినప్పుడు కూడా చూడలేదు. మా ఆయన చెరకు వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి.

“అమ్మకి కోపం లేదు పెద్దమ్మా. చివరి రోజుల్లో మనుషుల్ని మర్చిపోయింది. నన్ను కూడా యూలాలీ అనే పిలిచేది. అన్నం పెట్టబోతే, ఎంతసేపు చేశావే, ఆకలేస్తోందే యూలాలీ అని గునిసేది. నేను నువ్వయిపోయి తినిపించేదాన్ని.”

  దూరంగా రోడ్డు మీద హారన్లు ఆగకుండా మోగుతున్నాయి.

“తిన్నదా మరి?” అంది అత్తమ్మ.

“కడుపునిండా తిన్నది.”

అత్తమ్మ నడుముకి కట్టుకున్న పాత ఏప్రను అంచుతో మొహం తుడుచుకుని, గొంతు సవరించుకుని, ఎప్పటి యూలాలీ అయిపోయింది.

“అయితే ఇంకేం, నిలబడతారేం అందరూ? పొద్దున్న నేను వచ్చిందే అమ్మనడగటానికి. అమ్మ కాదనలేదు. ఎప్పుడు కాదంది గనక, అది చిన్నదిగా! ఒరేయ్ అల్సీద్, పార తీసుకురా. ఇక్కడ, అమ్మ ఎడమ పక్క తవ్వు. ఎడమ పక్కే పడుకునేది అది. ఫెలిసీ, ఇంటికెళ్ళి డబ్బా పట్రా. జాగ్రత్తగా, ఒళ్ళో పెట్టుకుని తీసుకురా నా చెల్లెల్ని. నేనే నా చేతుల్తో పెడతాను.”

ఎవరం కదల్లేదు. మా ఆయన నా వంక చూశాడు, నేను వదిన వంక చూశాను. చెప్పకుండా ఉండొచ్చు. ఖాళీ డబ్బాలో పొయ్యిలో బూడిద పోసి తెచ్చినా ఆ కళ్ళకి తెలియదు. నిజం చెప్పొద్దూ, నా మనసు ఒక్క క్షణం అటే పోయింది.

వదిన ముందుకి జరిగి అత్తమ్మ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి అవి. వేళ్ళ సందుల్లో పూత ఎండి పెచ్చులు కడుతోంది.

“పెట్టేశావు పెద్దమ్మా,” అంది.

“ఏంటి?”

“అమ్మని. నువ్వే నీ చేతుల్తో పెట్టేశావు. ఆ గరుకు డబ్బా కొట్టువాడిది కాదు.”

అత్తమ్మకి వెంటనే అర్థం కాలేదు. చెయ్యి చాపి, నేల మీద తడుముతూ డబ్బాల్ని వెతుక్కుంది. కొత్త దాన్ని పక్కకి నెట్టేసింది. పాతదాని తుప్పు అంచు వెంట వేలు పోనిచ్చింది. అడుగున చిన్న సొట్ట ఉంది, దాని దగ్గర వేలు ఆగిపోయింది. ఆ సొట్ట ఎప్పుడు పడిందో, ఎవరు పడేస్తే పడిందో ఆవిడకి తెలుసని నాకు ఆ మొహం చూస్తేనే తెలిసిపోయింది.

డబ్బాని ఒళ్ళో పెట్టుకుంది. తన చేతుల వంక చూసుకుంది, ఏం కనపడిందో ఏమో. తర్వాత తలెత్తి తెల్లటి గోడ వంక చూసింది. మా ఆయన, “అమ్మా, తప్పు నాదే, నేను...” అంటూ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఆవిడ చెయ్యెత్తి ఊరుకోమంది.

 అరుస్తుందనుకున్నాను. పడిపోతుందనుకున్నాను. ఆవిడ కుంచె కోసం తడుముకుని, దొరకపుచ్చుకుని, వదిన వైపు తిరిగింది.

“బకెట్లో ఇంకా ఎంత ఉందో చూసి చెప్పవే,” అంది. “ఎడమ పక్కకి సరిపోతుందా?”